మోయువాడు – మోయబడువాడు

ఒక మనుష్యుడు లాగుచుండగా మరియొక మనుష్యుడు బండిలో కూర్చుండి పోవుట ధర్మమేనా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. ఎద్దుబండి ఎక్కునప్పుడు మనకు ఈ సందేహము కలుగదు. గుఱ్ఱపుబండి ఎక్కునప్పుడును కలుగదు. పశువు నోరు లేనిది. దాని పక్షమున మనమే సందేహింపవలసియుండగా మనము ఆ శ్రమ తీసికొనము. మనిషి లాగు బండి దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము కాలు ఒక క్షణము వెనుకాడును. కొందరు ఆ క్షణమును దాటి ఎక్కి కూర్చుందురు. కొందరు ఎక్కక నడచిపోయి, ధర్మమును పాటించితిమని తృప్తిపడుదురు. ఎక్కినవాడు పాపి, నడచినవాడు పుణ్యాత్ముడు అని తేల్చివేయుట సులభమే. శరణ బంధువులారా, ఆ తీర్పు ఎంతవరకు నిలుచునో కొంచెము విచారింతము.

ఈ బండి 1869 ప్రాంతమున జపాను దేశమున పుట్టినది. దానికి వారు పెట్టిన పేరు జిన్‌రికిషా. జిన్ అనగా మనిషి, రికి అనగా బలము, షా అనగా బండి. ఆ మాట దేశదేశములు తిరిగి మన నోటికి వచ్చునప్పటికి రిక్షా అయినది. మూడు ముక్కలలో మొదటి ముక్క ఊడిపోయినది. ఊడిపోయినది 'మనిషి' అను ముక్కయే. భాషలో పదములు అరుగుట సహజమని వ్యాకరణము చదివినవారందరు ఎరుగుదురు. అయినను ఈ అరుగుదలను చూచినప్పుడు నాకు మనసు చివుక్కుమనును.

అది పుట్టినప్పుడు దానిని అందరు సంస్కరణముగానే భావించిరి. అంతకు పూర్వము జపానులో ఇద్దరు మనుష్యులు ఒక కఱ్ఱను భుజములకెత్తుకొని, దానికి వ్రేలాడు డోలీలో మూడవవానిని మోయుచుండిరి. మన బోయీల పల్లకీ వంటిదే. చక్రములు వచ్చిన తరువాత ఇద్దరి పని ఒక్కడు చేయగలిగెను. బరువు భుజము మీదినుండి నేలకు దిగెను. కొలది సంవత్సరములలో టోకియో నగరమున ఆ బండ్లు వేలకొలది అయినవి. 1874లో షాంఘైకి పోయినవి. 1880 ప్రాంతమున సింగపూరునకును మన సిమ్లాకును వచ్చినవి. కలకత్తాలో మొదట చీనా వర్తకులు తమ సరకులకు వాడుకొనిరి; 1914లో మనుష్యులను ఎక్కించుకొనుటకు అనుమతి కోరిరి; 1919 నాటి చట్టము ఆ బండ్లకు ఒక స్థానము కల్పించెను. పిమ్మట వచ్చిన సైకిలు రిక్షాయు సంస్కరణముగానే వచ్చెను. పరుగెత్తువాడు కూర్చుండి త్రొక్కువాడయ్యెను. నిన్నటి కష్టము కంటె నేటి కష్టము తక్కువ గదా యని ప్రతి తరమువారును ఊరట చెందినారు. ఆ ఊరటలో అసత్యము లేదు గాని, ఊరట చెందినది ఎక్కినవారే యన్న సంగతి మరువరాదు.

ఆసియా దేశములలో ఈ బండ్ల అమరిక ఒక్క తీరుగ లేదు. మన దేశములోను బంగ్లాదేశములోను లాగువాడు ముందు, ఎక్కినవాడు వెనుక. వాని వీపును, చెమటతో తడిసిన చొక్కాను చూడక తప్పదు. ఇండొనేషియాలోని బెచాక్ అను బండిలో ఎక్కినవాడు ముందు కూర్చుండును, త్రొక్కువాడు వెనుక నుండును. వాని ఆయాసము చెవికి వినబడునేమో గాని కంటికి కనబడదు. బర్మావారి సైకాలో ఎక్కువారి పీట త్రొక్కువాని ప్రక్కననే యుండును. ఏది నయమని అడిగిన నేను బర్మావారి పీటనే మెచ్చుకొందును.

బర్మా యన్నప్పుడు తెలుగువారికి ఒక జ్ఞాపకము రావలెను. రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము మన కోస్తా జిల్లాల నుండి వేలాది కూలీలు ఓడలెక్కి రంగూనుకు పోయిరి. ఓడరేవులో మూటలు మోసిరి, మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. ఆ నగరమున రిక్షా లాగినవారిలో మనవారు పెక్కుమంది. అక్కడివారు వారిని కోరంగివారనిరి. కోరంగి యన్నది గోదావరి ముఖమున ఒక రేవు పేరు. ఓడ ఎక్కిన రేవు పేరే ఓడలోని మనుష్యుల పేరయినది. వారి సొంత పేర్లు ఎవరికి కావలసివచ్చినవి? కావున రిక్షా లాగుట ఎక్కడో బీహారువారి కష్టమని, బంగాళీల సమస్యయని మనము పరాయిగా చూచుటకు వీలులేదు.

పేరు సంగతి వచ్చినది గనుక ఒక మాట. నా బాల్యమున మా ఊరి రైల్వేస్టేషను వెలుపల సైకిలు రిక్షాలు బారులు తీరియుండెడివి. బండి దిగినవారందరు చేయెత్తి "ఓ రిక్షా!" అని పిలిచెడివారు. వచ్చినది రిక్షా కాదు, ఒక మనుష్యుడు. నేడు "ఆటో!" అని పిలుచుచున్నాము. ఎనిమిది వందల యేండ్ల క్రిందట కల్యాణమున శరణులు మడివాలు మాచయ్య, మేదర కేతయ్య, అంబిగర చౌడయ్య, నులియ చందయ్య అని పిలువబడిరి. బట్టలుతుకుట, బుట్టలల్లుట, పడవ నడుపుట, త్రాళ్లు పేనుట వారి వృత్తులు. వృత్తి ముందు నిలిచినది, పేరు దాని వెన్నంటి నడచినది, పేరునకు చివర 'అయ్య' అను గౌరవము చేరినది. మనము వృత్తిని ఉంచుకొని పేరును, అయ్యను విడిచిపెట్టితిమి.

ఇక వాదమునకు వత్తము. రిక్షా ఎక్కుటను సమర్థించువారు మన సంప్రదాయము నుండియే ఒక వాదము తెత్తురు. కాయకములలో ఎక్కువ తక్కువలు లేవు. ఒడలు వంచి చేసిన ఏ పనియైనను పవిత్రమే. అట్లయినప్పుడు రిక్షా లాగుట మాత్రము హీనమెట్లగును? హీనమని జాలిపడుటయే వానిని అవమానించుట కాదా? తరగతిలో బసవేశ్వరుని గూర్చిన పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు నన్ను ఇంచుమించు ఇదే ప్రశ్న అడిగెను. తెలివిగల ప్రశ్న. కాయకము కైలాసముతో సమానమని మన పెద్దలు నేర్పిన మాట నిజము.

కాని ఆ మాట ఎవరు ఎవరితో చెప్పినది? పని చేయువారు తమలో తాము చెప్పుకొన్నది. చందయ్య తన చేతిలోని త్రాడును చూచి, మాచయ్య తన తల మీది మూటను ఎరిగి చెప్పుకొన్న మాట. మెత్తని దిండు మీద వెనుకకు ఒరగినవాడు ముందు పరుగెత్తుచున్నవానితో, నీ పనిలో కైలాసమున్నదిరా, కొంచెము వేగముగ పొమ్మని చెప్పుటకు పుట్టిన మాట కాదు. చేయువాని నోట అది ధైర్యము. చేయించుకొనువాని నోట అదే మాట కపటము. శాస్త్రవాక్యములను ఇట్లు నోరు మార్చి వాడుట మన దేశమున పాత రోగము. దానిని ఎదిరించుటకే గదా కల్యాణమున అంత అలజడి జరిగినది!

అంబిగర చౌడయ్యను తలచుకొందము. ఆయనయు తన కండబలముతో జనులను ఒక గట్టు నుండి మరియొక గట్టునకు చేర్చినవాడే. మరి పడవ నడుపుటను చూచి ఎవరికిని కాలు వెనుకాడదు. నది మీద పడవవాని మాటయే చెల్లును. నీరు పొంగినది, నేడు దాటరాదని ఆతడనిన రాజోద్యోగియైనను గట్టున కూర్చుండవలసినదే. పడవ మునిగిన ఇద్దరును మునుగుదురు. వాని కష్టము ఒక విద్య; ఎక్కినవానికి లేని విద్య. రిక్షాలో ఈ వరుస తలక్రిందులైనది. ఎటు పోవలెనో, ఎంత వేగముగ పోవలెనో, ఎంత ఇత్తునో ఎక్కినవాడే చెప్పును. ఎండ మండుచున్నది, నేడు రాలేనని చెప్పు స్వాతంత్ర్యము లాగువానికి ఉన్నదా? ఏల లేదన్నది విచారించిన అసలు ముడి దొరకును: పెక్కు చోట్ల ఆ బండి వానిది కాదు. సాయంకాలమునకు అద్దె చెల్లింపవలసిన బండి. వచ్చినను రాకున్నను అద్దె ఆగదు.

చీనా రచయిత లావో షె 1930లలో వ్రాసిన రిక్షావాని నవలలో కథానాయకుడు కోరినది ఒక్కటే: సొంత రిక్షా. మూడేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టి కొనును. సైనికులు దానిని లాగికొందురు. రిక్షా లాగుట వలన కాదు, రిక్షా తనది కాకపోవుట వలన ఆ మనిషి క్రమముగ చెడిపోవును. 1953లో బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్' చలనచిత్రములో రైతు కలకత్తా వీధులలో రిక్షా లాగునది ఊరిలోని తన రెండు బిఘాల నేలను అప్పు నుండి విడిపించుకొనుటకు. రెండు కథలలోను దుఃఖము శ్రమలో లేదు, స్వామ్యము లేకపోవుటలో ఉన్నది.

కలకత్తాను కొంచెము నిదానముగ చూడవలెను. చేతితో లాగు రిక్షా మిగిలిన బహు కొలది ప్రదేశములలో అది యొకటి. రెండు నొగల నడుమ మనిషి నిలిచి, వ్రేలికి తగిలించుకొన్న చిన్న గంటను నొగకు తాకించుచు పోవును. లాగువారిలో పెక్కుమంది బీహారు నుండి వచ్చి, అనేకులొకచోట కూడి ఉండి, మిగిలిన డబ్బును ఊరికి పంపువారు. ఎక్కువారందరు ధనికులని తలంపరాదు. ఇరుకు సందులలో బడికి పోవు పిల్లలు, వైద్యుని కడకు పోవు వృద్ధులు, సరకుల మూటతో తిరిగి వచ్చు చిన్న వర్తకులు. వానకాలమున వీధులలో మోకాలిలోతు నీరు నిలిచి మోటారు బండ్లన్నియు ఆగిపోయినప్పుడు ఈ పెద్ద చక్రముల బండి మాత్రమే కదలును. అట్టి దినమున కాన్పు నొప్పులతో ఉన్న స్త్రీని ఆసుపత్రికి చేర్చినవానిని చూచి ఇది అమానుషము, నిలిపివేయుమని చెప్పగలమా? చెప్పలేము. అయినను అది మానవునకు తగిన పని యని గుండె మీద చేయి వేసికొని చెప్పగలమా? అదియు చెప్పలేము. నా మట్టుకు నాకు చేతి రిక్షా పోవలసినదే. ఆ విషయమున నాకు సంశయము లేదు. సంశయమంతయు అది ఎట్లు పోవలెనన్న చోటనే.

2005లో పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి బుద్ధదేవ భట్టాచార్య ఈ రిక్షాలను తొలగింతునని ప్రకటించిరి. 2006లో శాసనసభ చట్టమును సవరించెను. లాగువారి సంఘములు ఎదురుతిరిగినవి. వ్యవహారము హైకోర్టుకు పోయి అమలు నిలిచిపోయినది. క్రొత్త లైసెన్సులు ఇచ్చుట మానిరి. ఉన్న బండ్లు ఏటేట తగ్గుచున్నవి. అనగా చట్టముచేత కాక, ముసలితనముచేత ఆ వృత్తి అంతరించుచున్నది.

మహారాష్ట్రలోని మాథెరాన్ కొండ మీద మరియొక తీరుగ జరిగినది. అది మోటారు వాహనములను రానీయని ఊరు. యాత్రికులను గుఱ్ఱముల మీదను, చేతి రిక్షాల మీదను ఎఱ్ఱమట్టి దారుల వెంట తీసికొనిపోవుదురు. అక్కడ చేతి రిక్షా లాగువారే, మాకు ఈ పని వలదు, బ్యాటరీ రిక్షాలు ఇప్పింపుడని న్యాయస్థానము మెట్లెక్కిరి. గుఱ్ఱములవారు తమ బ్రతుకు పోవునని అడ్డుపడిరి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, మనిషి మనిషిని లాగుట రాజ్యాంగము చెప్పిన మానవ గౌరవమునకు విరుద్ధమని, ఆరు నెలలలో చేతి రిక్షాలను నిలిపివేసి నిజముగా లాగుచున్నవారికి బ్యాటరీ రిక్షాలు అందజేయవలెనని, డబ్బు లేదన్న సాకు చెల్లదని ఆజ్ఞాపించెను.

ఒకే వృత్తివారు కలకత్తాలో తొలగింపవలదనిరి, మాథెరాన్‌లో తొలగింపుమనిరి. కలకత్తావారికి గౌరవము పట్టదని, మాథెరాన్‌వారికి పట్టునని అర్థమా? కానేకాదు. ఒకచోట నొగలు విడిచిన చేతికి మరియొకటి అందునను ఆశ ఉన్నది. రెండవచోట చేయి శూన్యముగ ఉండునను భయము ఉన్నది. జాలిపడువారు ఈ ఒక్క భేదమును గుర్తించిన చాలును. నడచిపోయి పుణ్యము కట్టుకొన్న పెద్దమనిషి లాగువానికి ఇచ్చినదేమి? ఆ పూట కూలి పోగొట్టినాడు. తన మనసులోని ముల్లును తాను తీసికొని, వాని కడుపు మీద పెట్టినాడు.

ప్రభుత్వములును ఆ పెద్దమనిషి వలెనే ప్రవర్తించిన సందర్భములు కలవు. 1980లలో జకార్తా నగరమును ఆధునికముగ చేయవలెనని అధికారులు బెచాక్‌లను పట్టుకొని వేలాదిగ సముద్రములో పడవేయించిరి. మానవుని మానవుడు త్రొక్కి మోయుట అవమానకరమన్నదే వారు చెప్పిన కారణములలో ఒకటి. ఎవనికి అవమానమని చెప్పిరో వాని జీవనాధారమే నీట మునిగినది. మద్రాసులో 1973లో కరుణానిధి ప్రభుత్వము చేతితో లాగు రిక్షాలను రద్దుచేసినప్పుడు లాగువారికి సైకిలు రిక్షాలు ఇచ్చెను. సైకిలు రిక్షాయు కష్టమే గాని బండి చేతికి వచ్చినది.

అమృతసరము కథ ఇంకను బోధకరము. సైకిలు రిక్షా లైసెన్సు స్వయముగ త్రొక్కు యజమానికే ఇయ్యవలెనని 1975లో పంజాబు ప్రభుత్వము చట్టము చేసెను. ఉద్దేశము మంచిది: అద్దెలు తినువారిని తొలగించుట. కాని అద్దెబండి త్రొక్కువానికి సొంత బండి లేదు గదా! వానికి లైసెన్సు లేదు, అద్దెబండియు దొరకదు. మేలు చేయవచ్చిన చట్టము వానినే వీధిలో నిలిపినది. వారి సంఘము సుప్రీంకోర్టుకు పోగా 1980లో జస్టిస్ కృష్ణయ్యరు చట్టమును కొట్టివేయలేదు, వారిని ఊరక పొమ్మనలేదు. బ్యాంకు అప్పు ఇప్పించి బండ్లు కొనిపించు ఏర్పాటును తీర్పులోనే చేర్చిరి. ఇదే విధమైన నియమము ఢిల్లీలోను ఉండెను. అక్కడ అప్పు ఏర్పాటు లేదు, రిక్షాల సంఖ్యకు హద్దు మాత్రము ఉండెను. ఫలితముగ బండ్లను పట్టుకొని పోవుటయు, పేదలను వేధించుటయు మిగిలినవి. 2010లో ఢిల్లీ హైకోర్టు ఆ నియమమును, ఆ హద్దును కొట్టివేసినది. ఒకే ధర్మసూత్రము ఒకచోట బ్రదికించినది, ఒకచోట బాధించినది. నడుమ ఉన్న వ్యత్యాసము అప్పు పత్రము.

ఇచ్చట మన ఇంటి విషయమొకటి చెప్పక విడుచుట న్యాయము కాదు. మన పీఠములలో జగద్గురువులను అడ్డపల్లకీలో ఊరేగించు ఆచారము కలదు. అదియు మనిషిని మనిషి మోయుటయే కదా యని పిల్లలు అడుగుదురు. కోపగించుకొని లాభము లేదు. అక్కడ మోయువాడు కూలికి మోయడు, తన ఇష్టముతో భుజము పట్టును, కావలసినప్పుడు దించి తప్పుకొనును. నలుగురును పోటీపడి ముందుకు వత్తురు. అందువలన రిక్షాతో పోల్చుట సరికాదు. అయినను ఆ గౌరవమును మాకు వలదనిన స్వాములును మనలో ఉన్నారు. వారి వినయమును మెచ్చుకొనుటకు ఆచారమును నిందింపవలసిన పనిలేదు. కూలికి మనుష్యులను పిలిపించి పల్లకీ మోయించు చోటు ఎక్కడైన ఉన్నచో మాత్రము, అది భక్తి పరిధిని దాటి బాడుగ పరిధిలోనికి వచ్చినట్లే.

యంత్రము వచ్చినది గనుక ఈ విచారమంతయు పాతబడినదని కొందరందురు. ఢాకా నగరమును చూడుడు. అక్కడి రంగురంగుల సైకిలు రిక్షాలను, వాని మీది చిత్రకళను 2023లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. అదే నగరమున బ్యాటరీ తగిలించిన రిక్షాలు వీధులను నింపినవి. 2024 నవంబరులో హైకోర్టు వానిని మూడు దినములలో తొలగింపుమనగా త్రొక్కువారు రోడ్లను దిగ్బంధించిరి. పై న్యాయస్థానము ఆ ఆజ్ఞను నిలిపివేసినది. చిత్రమును కాపాడుటకు లోకమంతయు ముందుకు వచ్చును. మోకాలిచిప్పలను కాపాడుకొనుటకు వాడు తానే బ్యాటరీ కొనుక్కొనవలెను.

మన పట్టణములలో సైకిలు రిక్షాల కాలము దాదాపు గడచినది. ఆటోలు వచ్చినవి, బ్యాటరీ ఆటోలు వచ్చుచున్నవి. కండలకు విశ్రాంతి దొరికినది, సంతోషమే. కాని అద్దెబండి అద్దెబండిగనే ఉన్నది. ప్రొద్దుటి నుండి కొన్ని గంటల సంపాదన యజమానికి, తరువాతి కొంత ఇంధనమునకు, ఆ మీదట మిగిలినది ఇంటికి. మనము పది రూపాయల బేరము చేయునది ఆ చివరి భాగముతోనే.

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమేయని మన మఠములు ఎన్నడును అనలేదు; విద్యార్థి వసతిగృహములు, పాఠశాలలు దానికి సాక్ష్యములు. అమృతసరములో బ్యాంకులచేత న్యాయస్థానము చేయించిన పనిని ఒక మఠము తన ఊరిలో తానుగా చేయరాదా? వడ్డీ లేని అప్పుగా ఒక బండి. అద్దె కట్టు డబ్బునే వాయిదాగా కట్టించుకొనిన క్రొత్త భారమేమియు లేదు. అప్పు తీరినకొలది ఆ పైకము మరియొకరికి పోవును. కులగోత్రములు అడుగనక్కరలేదు, బండి తానే నడుపునా యని అడిగిన చాలును. వాయిదా తప్పువారు కొందరుందురని కోశాధికారులు శంకింతురు. ఉందురు, పెండ్లికి చేసిన అప్పులలోను ఉన్నారు. ఇంతకు ముందు చేయవలసినది ఒకటి కలదు. సోమవారము నాడు మఠద్వారము ముందు నిలుచు ఆటోలెన్ని, వానిలో అద్దెబండ్లెన్ని, నడుపువారి పేర్లేమి, రోజు అద్దె ఎంత అని ఇద్దరు యువకులు పుస్తకము పట్టుకొని వ్రాసికొని రావలెను. ఒక్క పూట పని.